తుంగకుంట తూనీగల లెక్క

రూప్‌సింగ్‌కు కూర్చోవడం చేతకాకుండా పోయి నాలుగు నెలలైంది. అన్నం నిలబడి తింటున్నాడు. బస్సులో సీటు దొరికినా ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడుతున్నాడు. రాత్రి భార్య పూలి మంచం ఎక్కడ వేసినా గుమ్మం దాకా ఈడ్చుకెళ్లి, తలుపు తెరిచిపెట్టి పడుకుంటున్నాడు.

మణుగూరు దగ్గర ఒక బొగ్గు బాయిలో అతను టబ్బుల గుమస్తా. గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. లోపలి నుంచి ఇనుప తాడు లాక్కొచ్చే బొగ్గు టబ్బులు పట్టాల మీద ఒక్కొక్కటిగా అతని గది ముందు నుంచి దాటుతాయి. దాటిన టబ్బుకు ఒక గీత. నాలుగు నిలువు గీతలు పడ్డాక ఐదోది అడ్డంగా. తొమ్మిదేళ్లుగా పైన, వెలుతురులో, అదే పని. అతని లెక్కను బొగ్గు నింపేవాళ్లు గానీ ఆఫీసర్లు గానీ ఒక్కసారీ తిరిగి అడగలేదు. రాని టబ్బుకు గీత పెట్టిన గుమస్తాను బాయి మీద మనిషిగా చూడరు. రూప్‌సింగ్ కూడా చూడడు.

ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిది జూన్‌లో, లోపలి గుమస్తాకు జ్వరం వస్తే ఒక్క షిఫ్టు కోసం ఇతన్ని దింపారు. ఆ పూటే కరెంటు పోయింది. తాడు ఆగింది. టోపీకున్న దీపం మసకబారి ఆరిపోయింది. నింపేవాళ్లు ఆవలి సొరంగం గల్లీలో ఉన్నారు. రూప్‌సింగ్ గోడకు ఆనుకుని రెండు గంటలు కూర్చున్నాడు. ఏమీ కూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కరెంటు వచ్చాక అందరితో పాటు పైకి వచ్చి చాయ్ తాగాడు. మర్నాడు గదిలో కుర్చీ మీద కూర్చోబోతే కాళ్లు ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో కాగితం వచ్చింది. నవంబరు ఒకటో తేదీ నుంచి అతనికి లోపలి డ్యూటీ.

కాగితం చేతికొచ్చిన వారానికే బస్టాండు హోటల్ గోడ మీద ఇంకో కాగితం చూశాడు. అడవిలో, రిజర్వు హద్దుల లోపల ఉన్న కుంటల్లో, చిత్తడి నేలల్లో పురుగుల సర్వే చేస్తున్నారట. వాలంటీర్లు కావాలి, చదవడం రాయడం వస్తే చాలు, అక్టోబరులో ఆదివారాలు రావాలి. కింద వరంగల్‌లోని ఒక కాలేజీ పేరు ఉంది. ఆదివారం బాయికి సెలవు. ఇంట్లో ఉంటే గుమ్మానికీ పెరడుకీ మధ్య తిరగడమే. అతను పేరిచ్చాడు.

భద్రాచలంలో బడి గదిలో మొదటి మీటింగు జరిగింది. జువాలజీ చెప్పే మేడం వచ్చి పదకొండు మందికి తలా ఒక నోట్‌బుక్కు ఇచ్చింది. ఎవరికి ఏ కుంట, ఏ పురుగు అన్నది చెప్పింది. రూప్‌సింగ్‌కు తుంగకుంట పడింది. మణుగూరు నుంచి సైకిల్ మీద గంటన్నర దారి. అక్కడ తూనీగలు చూడాలి. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒకచోట నిలబడి, కనబడిన తూనీగకు ఒక గీత చొప్పున రాయాలి.

చివర్లో మేడం ఇంకో మాట చెప్పింది. జనవరి నుంచి ఈ సర్వే రెండేళ్లు నడుస్తుంది. అడవిలో తిరగడానికి ఒక ఫీల్డ్ అసిస్టెంట్ కావాలి. నాలుగు ఆదివారాల నోట్‌బుక్కులు చూసి ఒకరి పేరు రాస్తుంది.

ఆ మాట విన్నప్పటి నుంచి రూప్‌సింగ్ తలలో వేరే ఆలోచన లేదు. పేరు రాస్తే చాలు, కాగితం చూపించి జనవరి దాకా సెలవు పెట్టొచ్చు. బాయిలోకి దిగనక్కర్లేదు.

ఇంటికొచ్చి పూలికి చెప్పాడు.

"టబ్బులు లెక్కపెట్టింది సాలలేదా, ఇగ పురుగులు లెక్కపెడ్తవా?" అంది పూలి, రొట్టె తిప్పుతూ.

"పురుగులు కాదు, తూనీగలు."

"తూనీగ పురుగు గాక పులా? బాయి నౌకరి కోసం మా అన్న ఆరేండ్లు తిరిగిండు, దొరకలే. నువ్వు దొరికింది ఇడిసిపెట్టి రెండేండ్ల పనికి పోతనంటున్నవ్. గా రెండేండ్లు అయినంక ఏంది?"

రూప్‌సింగ్ గిన్నె అందుకున్నాడు. గుమ్మంలో నిలబడి రొట్టె తిన్నాడు.

"కూసోని తిను. ఎవలు తరుముతున్నరు నిన్ను?" అని, అతను కూర్చోడని తెలిసి, గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది.

తుంగకుంట పేరుకే కుంట. వాన నీళ్లు పల్లంలో ఆగి, చుట్టూ తుంగ పెరిగి, నడిమధ్య మాత్రం నీళ్లు కనబడతాయి. ఆవల గట్టు దాటితే కోయ గూడెం. మొదటి ఆదివారం రూప్‌సింగ్ ఏడున్నరకే చేరాడు. నీళ్ల అంచున ఎర్ర తూనీగలు తిరుగుతున్నాయి. ఎటు నుంచి లెక్క మొదలుపెట్టాలో తెలియలేదు. పైన, కింద, వెనక, ఎటు చూసినా అవే. కాసేపు చూసి, తనకు తెలిసిన పద్ధతిలోకి దాన్ని తెచ్చుకున్నాడు. రెండు వెదురు కర్రలు కోసి, ఎడంగా బురదలో పాతాడు. కర్రల మధ్య నుంచి దాటింది లెక్కలోకి వస్తుంది, దాటనిది రాదు. బాయి మీద పట్టాలకు అటూ ఇటూ రెండు గుంజలు ఉన్నాయి. అవి కూడా అందుకే.

పని హాయిగా సాగింది. నోట్‌బుక్కు వైపు చూడకుండా గీతలు పెట్టడం అతనికి చేయి తిరిగిన విద్య. తొమ్మిదికి కూడి చూస్తే నాలుగు వందల పన్నెండు. తరువాతి ఆదివారం మూడు వందల తొంభై ఆరు.

ఆ సాయంత్రం భద్రాచలంలో మీటింగు. మేడం అందరి పుస్తకాలూ తిరగేసి, రూప్‌సింగ్ పుస్తకం ఎత్తి చూపింది.

"ఇలా ఉండాలి. కొట్టివేత లేదు, మరక లేదు. పైగా తుంగకుంటలో ఇన్ని ఉన్నాయని మనకు ఇప్పటిదాకా తెలియదు." తరువాత ఇంకో పుస్తకం తీసింది. "చందూలాల్ గారూ, మీ కుంట దాదాపు అంతే ఉంటుంది కదా. మీకు ముప్ఫై ఒకటే కనిపించాయా?"

చందూలాల్ టేకులపల్లి వైపు ఒక బడిలో మాస్టరు. యాభైకి దగ్గర పడ్డాడు, కళ్లద్దాలు. లేచి, "నాకు కనబడ్డయి అంతే మేడం," అన్నాడు.

"మాస్టర్ పొద్దుగాల కునికిండేమో," అన్నారు వెనక బెంచీలో ఎవరో. అందరూ నవ్వారు. రూప్‌సింగ్ కూడా నవ్వాడు. తిరుగు బస్సులో గోదావరి వంతెన దాటుతుంటే, జనవరిలో ఈ దారినే పని మీద పోతానని అనుకున్నాడు. ఆ రాత్రి మంచం రెండు మూరలు లోపలికి జరిగింది. పూలి చూసింది.

మూడో ఆదివారం అతను లెక్కలో ఉండగా, గూడెం నుంచి బొజ్జయ్య అనే అతను వచ్చాడు. తుంగలో చేపల కోసం పెట్టిన వెదురు బుట్టలు ఎత్తుకోవడానికి. వయసులో పెద్ద, మాట నెమ్మది. రెండు వారాలుగా దూరం నుంచి చూసి పోతున్నాడు. ఆ పొద్దు బుట్ట గట్టు మీద పెట్టి పక్కన నిలబడ్డాడు.

"ఏంది సారు, కర్రలు పాతినవ్. ఇల్లు కడ్తున్నవా?"

"తూనీగలు లెక్కపెడ్తున్న, అన్నా. మాటాడకు, లెక్క పోతది."

బొజ్జయ్య తల ఊపాడు. చుట్ట వెలిగించుకుని, అది అయిపోయేదాకా చూశాడు. తొమ్మిదయింది. రూప్‌సింగ్ గీతలు కూడాడు.

"ఎన్నయినయి?"

"మూడు వందల ఎనభై."

బొజ్జయ్య కుంట వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. "గన్ని యాడున్నయి సారు?"

"నువ్వు సూస్తనే ఉన్నవ్ గదా. గీ కర్రల నడుమ కెల్లి పోయినయన్ని రాసిన."

"పోయినయి. మల్ల వచ్చినయి. మల్ల పోయినయి." బొజ్జయ్య చుట్ట ముక్కతో చూపించాడు. "అగో, గా ఎడమ కర్ర మీద వాలింది సూడు. ఎనక రెక్క కొస చినిగింది. నేను వచ్చినప్పటి సంది గదే తిరుగుతాంది. దాని జాగ ఇది. ఎవల్ని రానియ్యదు."

రూప్‌సింగ్ చూశాడు. రెక్క కొన చిరిగే ఉంది. తూనీగ లేచి కర్రల మధ్య నుంచి పోయి, తుంగ దగ్గర తిరిగి, మళ్లీ వచ్చి అదే కర్ర మీద వాలింది. చూస్తుండగానే మళ్లీ లేచింది. చుట్ట నిప్పు ఆరేలోపు తొమ్మిదిసార్లు దాటింది.

"మా బాయి కాడ గంతే అన్నా," అన్నాడు రూప్‌సింగ్. "టబ్బు మల్ల వస్తే మల్ల గీతే."

"టబ్బంటే నింపుకొని వస్తది. కొత్త బొగ్గుకు కొత్త గీత. గిది ఏం నింపుకొని వస్తాంది?"

రూప్‌సింగ్ పుస్తకం మూశాడు. బొజ్జయ్య బుట్ట భుజాన వేసుకుని, రెండు అడుగులు వేసి ఆగాడు.

"ఎన్నున్నయో నిజంగ కావాల్నా?"

"కావాలె."

"వచ్చే ఐతారం పొద్దు పొడవక ముందే రా. మంచు ఆరేదాకా అవి ఎగరలేవు. పండ్లు తెంపినట్టు తెంపొచ్చు."

ఆ వారం రూప్‌సింగ్ మళ్లీ నిలబడే తిన్నాడు. మంచం గుమ్మం దాటి అరుగు మీదికి వచ్చింది. తన లెక్క ఇంకొకరికి తెలియదు. కర్రలు పీకేస్తే గుర్తు కూడా ఉండదు. బొజ్జయ్య భద్రాచలం వచ్చి చెప్పబోడు. ఉన్న పుస్తకం ఉన్నట్టు ఇచ్చేస్తే మేడం పేరు రాస్తుంది. ఇదంతా అతను టబ్బుల మధ్య సందుల్లో ఆలోచించాడు. బుధవారం ఒక టబ్బు గీత పెట్టకుండానే దాటిపోయింది. వెంట ఉన్నవాళ్లు కేకేస్తే పెట్టాడు. తొమ్మిదేళ్లలో అదే మొదలు.

నాలుగో ఆదివారం చుక్కలుండగానే సైకిల్ ఎక్కాడు. బొజ్జయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లారే వెలుగులో తుంగ పుల్లల మీద తూనీగలు వరసగా వేలాడుతున్నాయి, రెక్కల మీద మంచు. బొజ్జయ్య మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, వాటిని రెక్కలు ముడిచి పట్టి అందించాడు. రూప్‌సింగ్ దగ్గర బాయి గుమస్తాలు వాడే కాపీయింగ్ పెన్సిల్ ఉంది. తడి తగిలితే ఊదా రంగు దిగుతుంది, చెరిపినా పోదు. మంచు తడి చాలింది. ప్రతిదానికీ రెక్కల కొనలకు రంగు పెట్టి, మళ్లీ తుంగ మీదే కూర్చోబెట్టాడు. కుంట చుట్టూ తిరిగి వచ్చేసరికి నలభై మూడు.

"మా జంపక్క సూస్తే నవ్వి సస్తది," అన్నాడు బొజ్జయ్య. జంపక్క అతని చెల్లెలు. "అడవిల తూనీగలకు గోర్ల రంగేసే మొగోండ్లను సూడలే నేను."

"నువ్వే గద పట్టిచ్చినవ్."

"పట్టిచ్చిన. రంగేసింది నువ్వు."

ఎనిమిదికి ఎండ వచ్చింది, తూనీగలు లేచాయి. రూప్‌సింగ్ ఎప్పటిలాగే కర్రల దగ్గర నిలబడి గీతలు పెట్టాడు. రంగు ఉన్నదో లేనిదో బొజ్జయ్య చూసి చెప్పాడు. "ఉంది. ఉంది. ఉంది. లేదు. ఉంది." తొమ్మిదికి గీతలు మూడు వందల డెబ్బై ఒకటి. రంగు లేనివి తొమ్మిది.

ఆ తొమ్మిది గీతలు కూడా ఒక్క తూనీగవే కావచ్చు. రూప్‌సింగ్ గట్టు మీద పచార్లు చేశాడు.

"ఏంది సారు, తక్కువైతే కొడ్తరా?"

"కొట్టరు. బాయిల దిగాలె."

"బాయిల అందరు దిగుతలేరా?"

"దిగుతున్నరు."

బొజ్జయ్య నీళ్లలోకి దిగి బుట్ట ఎత్తాడు. బుట్టలోంచి రెండు చేపలు తీసి తుంగ పోచకు గుచ్చి సైకిల్ హ్యాండిల్‌కు కట్టాడు.

చివరి మీటింగు ముప్ఫయ్యో తేదీన. పుస్తకం రూప్‌సింగ్ చంకలో ఉంది. మొదటి మూడు పేజీలు ఉన్నట్టే ఉన్నాయి. నాలుగో పేజీలో మొత్తం వేసే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఏం రాయాలో బస్సు దిగేలోపు తేల్చుకుందామనుకున్నాడు. సారపాక దాటింది, వంతెన దాటింది, తేలలేదు.

బడి వసారాలో చందూలాల్ ఎదురొచ్చి చేయి పట్టుకున్నాడు. ముఖం విప్పారి ఉంది.

"తమ్మీ, నీ పుణ్యమాని ఇజ్జత్ దక్కింది. మొన్న మీటింగైనంక అడిగిన, రూప్‌సింగ్ ఎట్ల చేస్తుండని. కర్రలు పాతిండని నీ పక్కన కూసున్నాయన చెప్పిండు. నేను పాతిన. ఒక్కసారే మూడు వందల నలభై."

"ముందుగాల ముప్ఫై ఒకటెట్ల వచ్చినయి సారు నీకు?"

"మొకాలు గుర్తు పట్టేటోణ్ని. బడి పిల్లల హాజిరి లెక్క. ఒకసారి పలికినోడు మల్ల పలికితే రాయం గద." చందూలాల్ నవ్వాడు. "గా పద్ధతి తప్పని నాకేం తెలుసు."

రూప్‌సింగ్ ఆ చేతిలోంచి తన చేయి తీసుకోలేకపోయాడు. వసారాలో కర్రలు పాతిన ఇంకో ఇద్దరు నోట్‌బుక్కులు తెరిచి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఒకరిది మూడు వందల పది. ఒకరిది నాలుగు వందలు దాటింది.

అతను బడి మెట్టు మీద పుస్తకం పెట్టి, నిలబడే వంగి, పెన్సిల్ నాలుకకు తగిలించుకున్నాడు. బాయి పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. కింద ఉన్నది కనబడేలా ఒకటే గీత కొట్టి, పైన సరైనది రాసి, సంతకం పెట్టాలి. నాలుగు వందల పన్నెండు మీద గీత కొట్టాడు. పైన రాయడానికి అంకె లేదు. "ఇవి దాటిన సార్లు, తూనీగలు కావు. ఎన్నో తెలియదు," అని రాసి సంతకం పెట్టాడు. మూడు పేజీలకూ అలాగే. నాలుగో పేజీలో "రంగు వేసినవి 43, వేయనివి 1 నుంచి 9" అని రాసి సంతకం పెట్టాడు.

మీటింగు మొదలవగానే లేచి చెప్పాడు. ఎక్కువ సేపు పట్టలేదు. కర్రలు, చిరిగిన రెక్క, మంచు, పెన్సిల్. బొజ్జయ్య పేరు కూడా చెప్పాడు. చివర, "చందూలాల్ సార్ ముప్ఫై ఒకటే నిజం. మేం నవ్వినం," అన్నాడు.

చందూలాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. మేడం పుస్తకం అందుకుని నాలుగో పేజీ చదివింది.

"దాటిన సార్లా, తూనీగలా అని నేను మొదటి రోజే అడగాల్సింది," అంది. "నా తప్పు కూడా ఉంది. ఈ మూడు వారాల అంకెలు ఇక పనికిరావు. వచ్చే ఏడు వానల తరువాత మళ్లీ చేయాలి. ఈ రంగు పద్ధతిలోనే చేద్దాం."

"మరి జనవరిల పని, మేడం?"

"అంకెలు లేకుండా పై వాళ్లకు ఏం పంపను, రూప్‌సింగ్? జనవరిలో పని మొదలవదు. ఇప్పుడు ఎవరి పేరూ రాయలేను. మొదలైతే అప్పుడు చూస్తాను. అయితే ఈ పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను."

"ఉంచుకోండి," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పూలి అతని ముఖం చూసింది.

"నాలుక ఏంది ఊదగుంది?"

"పెన్సిల్."

"రాసిండ్రా పేరు?"

"లేదు."

పూలి గెలిచినట్టు మాట్లాడలేదు. మంచం తెచ్చి తనే అరుగు మీద వేసింది. "ఈడనే పండుకో," అంది.

మంగళవారం మొదటి షిఫ్టు. తెల్లవారకముందు నుంచీ ముసురు పట్టి ఉంది. రూప్‌సింగ్ దీపం రెండుసార్లు వెలిగించి ఆర్పి చూసుకుని దిగాడు. లోపల గుమస్తాకు గది లేదు. కప్పును మోసే నాలుగు దుంగల కింద ఒక చెక్కపెట్టె, అంతే. అతను పెట్టె పక్కన నిలబడ్డాడు. నిండిన టబ్బులు నెట్టుకొచ్చే హాతీరాం రెండుసార్లు చూశాడు.

"కూసో సారు. ఎనిమిది గంటలు నిలబడ్తవా?"

"నువ్వు పని చూసుకో."

నిండినది పోతే గీత. పోతే గీత. చెవులు తాడు చప్పుడు మీదే ఉన్నాయి. చప్పుడు ఒక్క క్షణం సన్నబడితే చేయి టోపీ దీపం మీదికి పోతోంది. ఆరో టబ్బుకు ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. పైన తొమ్మిదేళ్లలో అది తన ముందు నుంచి ఎన్ని వందలసార్లు దాటిందో, ఎన్నడూ చూడలేదు. గీత పెట్టి, పక్కన చిన్నగా ఒక చుక్క పెట్టుకున్నాడు. అది పైకి పోయింది.

గంట తరువాత ఖాళీ టబ్బుల వరస కిందికి దిగింది. అందులో నొక్కుకుపోయిన మూల కనబడింది. రూప్‌సింగ్ దగ్గరకు పోయి దీపం వంచాడు. అడుగున వేలెడు నీళ్లు, నీళ్లలో ఒక టేకు ఆకు, పచ్చిది.

"ఖాళీ టబ్బుల ఏం సూస్తున్నవ్ సారు?" అన్నాడు హాతీరాం.

"ఖాళీ కాదు. పైన వాన పడ్తాంది."

"పడనీ. జల్దీ పక్కకు జరుగు, నింపాలె."

రూప్‌సింగ్ పక్కకు జరిగాడు. ఆకు తీసి, మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు. టబ్బు నిండి పోయేటప్పుడు గీత పెట్టి, పక్కన రెండో చుక్క పెట్టాడు. అది మళ్లీ ఎప్పుడొస్తుందో చూడడానికి పట్టాల వైపు తిరిగి, పెట్టె మీద కూర్చున్నాడు.